ఒక్కపొద్దు చాయ్

ఆపరేషన్ రోజు పొద్దున నేను చాయ్ తాగాను. అది తప్పే. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆ తర్వాత చెప్పిన మాట ఇంకా పెద్ద తప్పు.

మడికొండ దగ్గర బండి మీంచి జారిపడినప్పటి నుంచి మెట్లెక్కేటప్పుడు నా కుడి మోకాలు మధ్యలో పట్టేసేది. లోపల గుజ్జు చినిగిందని, చిన్న రంధ్రాలు చేసి కెమెరాతో చూస్తూ సరిచేస్తామని ఎముకల డాక్టర్ చెప్పాడు. ముందురోజే దవాఖానలో చేరాను. సాయంత్రం వార్డు సిస్టర్ వచ్చి మోకాలు శుభ్రం చేస్తూ అంది:

"రేపు నీకు ఒక్కపొద్దే అనుకో అన్నా. కాకపోతే నీళ్ల చుక్క గూడ ముట్టద్దు. ఇనవడ్డదా?"

"శనివారం శనివారం ఉంటనే ఉన్న సిస్టర్, నాకే నేర్పుతవా?" అన్నాను. పక్కనున్న నా భార్య నవ్వింది.

మా ఇంట్లో ఒక్కపొద్దు అంటే అన్నం ముట్టకపోవడమే. చాయ్‌కి, పండ్లకి అడ్డు లేదు. పొద్దున తల పగిలిపోతోంది, ఆపరేషన్ అంటే భయం. భార్య స్నానానికి వెళ్లింది. సిస్టర్ మాట చెవిలోనే ఉంది. అయినా క్యాంటీన్‌కు కుంటుకుంటూ వెళ్లి తాగివచ్చాను.

మత్తు డాక్టర్ వార్డు సిస్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చి, పొద్దున ఏమైనా తీసుకున్నారా అని అడిగాడు.

"కొంచెం చాయ్ సార్."

"పాల చాయా? ఎవరు తాగమన్నారు?"

ఆయన గొంతు విని జంకాను. "సిస్టర్ ఒక్కపొద్దు ఉండమన్నది సార్. ఒక్కపొద్దుకు మేం చాయ్ తాగుతం."

ఆయన సిస్టర్ వైపు తిరిగాడు. "మత్తులో ఉన్నప్పుడు కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి దక్కడని తెలియదా? ఒక్కపొద్దు, పండుగ అని ముచ్చట్లేంది? రేపటి నుంచి వార్డుకు రావద్దు. మేడమ్‌కు చెప్తా."

"నేను చెప్పిన సార్..." అంటూ ఆమె నా వైపు చూసింది. నేను మోకాలి వైపు చూసుకున్నాను.

అందరూ వెళ్లాక నా భార్య మంచం పక్కకు వచ్చింది. "నీళ్లు గూడ వద్దన్నది. నేను గూడ ఇన్న. ఎందుకట్ల చెప్పినవ్?"

"భయమైంది."

"నీ భయానికి ఆమె నోటికాడి బుక్క పోవాల్నా?"

ఆపరేషన్‌ను సాయంత్రానికి వాయిదా వేశారు. నడుములో సూది ఇచ్చాక కాళ్లు నావి కాకుండా పోయాయి. తెర మీద నా మోకాలి లోపల కనబడింది. నీళ్లలో ఆ గుజ్జు పాత జంపఖానా అంచులా పోగులు లేచి ఊగుతోంది. మత్తు డాక్టర్ నా తల దగ్గరే ఉన్నాడు. "సార్, పొద్దున సిస్టర్..." అని మొదలుపెట్టాను. "ఇప్పుడేం మాట్లాడకండి, కదలకండి" అన్నాడు. నిజం చెప్పాలంటే, చెప్పే పని తప్పినందుకు నాకు హాయిగా అనిపించింది. ఆ హాయికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

మర్నాడు పొద్దున కట్టు చూడటానికి వేరే సిస్టర్ వచ్చింది. వాకర్ అడిగి తెప్పించుకున్నాను. భార్య భుజం పట్టుకుంటే వరండా చివరన ఉన్న మేడమ్ గది దాకా వెళ్లాను. నర్సులందరికీ ఆవిడే పెద్ద. లోపల ఆ సిస్టర్ చేతిలో బ్యాగుతో నిలబడి ఉంది.

"మేడమ్, ఆమె నీళ్లు గూడ వద్దన్నది. అది ఇని గూడ నేను చాయ్ తాగిన. సార్ ముందట సగం మాట దాచిన" అన్నాను.

"నాకు చెప్తే ఏం లాభం? ఆమెను వార్డుకు రావద్దన్నది సారు."

"అయితే సార్‌నే పిలువుండ్రి. అప్పటిదాంక ఈడనే ఉంట."

నిలబడితే కాలు సలుపుతోంది. సిస్టర్ కుర్చీని కాలితో నా వైపు నెట్టింది. "కూసో అన్నా. కాలు వాస్తే అది గూడ నా మీదికే వస్తది."

మత్తు డాక్టర్ వచ్చేసరికి గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు నర్సులు చేరారు. వాళ్లందరి ముందు అదే మాట మళ్లీ చెప్పాను, ఈసారి ఒక్క ముక్క దాచకుండా. ఆయన సిస్టర్ వైపు తిరిగాడు. "వార్డుకు పోమ్మా" అన్నాడు. నేను చేతులు జోడించి మాఫ్ చేయమని అడిగాను. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుని, వార్డు వైపు వెళ్లింది. నేను మళ్లీ పిలవలేదు.