సైకిల్ పంపు బుస

మా కుక్క వేటజాతిది. సన్నని నడుము, పొడుగు కాళ్లు, నేలను రాసుకుంటూ పోయే ముక్కు. దాని తల్లిని మడకశిర పక్క గొర్రెలు మేపుకునే చుట్టమొకాయన ఇచ్చాడు. ఇప్పుడు వేట లేదు, ఉండకూడదు కూడా. కుక్కకు మిగిలిన ఉద్యోగం ఒక్కటే, శనక్కాయ చేలో దిగే అడవి పందుల్ని తరమడం. వేట పోయినా ముక్కు ఊరుకోదు కదా. ఎలుక వాసన తగిలినా చాలు, రాళ్ల సందులో తల దూర్చి చూడాల్సిందే. మా నేలలో రాళ్ల సందున ఉండేది రక్తపింజరి.

తల్లి అట్లాగే పోయింది. రాతి గట్టు కింద మూతి మీద కాటు పడింది. పశువుల ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. అందుకే, నేను ఉద్యోగం నుంచి రిటైరై సేద్యంలో దిగిన ఏడాది, దాని పిల్లను చేనికి తోలుకుపోతానంటే మా ఇంటామె గొలుసు చేత్తో పట్టుకుని గడపలో నిలబడింది.

"పురుగంటే ఏందో దీనికి తెలిసేదాకా ఇది గడప దాటేది లే. పందులు తింటే తిననీ. శనక్కాయలు మళ్లా ఏసుకుందాం. దీన్ని మళ్లా యాడ తెస్తావు?"

మా పక్క పామును పాము అనరు. అంటే పిలిచినట్టే. పురుగు అంటారు. పొలంలో ఉన్నప్పుడు మరీను.

"నేను నేర్పిస్తా" అన్నాను.

"పోస్టాఫీసులో ముద్దరలు కొట్టినట్లు కాదప్పా" అంది.

నిజమే, నేను పోస్టాఫీసు మనిషిని. ఏ పనైనా ఒక వరుస ప్రకారం సాగకపోతే నాకు అన్నం సయించదు. పశువుల డాక్టరమ్మను కలిశాను. "కొట్టి నేర్పకండి సార్. వాసన, చప్పుడు తెలియగానే వెనక్కి వస్తే ఇష్టమైనది తినిపించండి. రోజూ చేయండి" అంది. ఆ రోజు డైరీలో పాఠమంతా రాసుకున్నాను. గట్టు మీద దొరికిన కుబుసం తెచ్చి, పెరట్లో ఎండిన శనక్కాయ చెట్ల కుప్ప కింద దాచాను. వాసన కుదిరింది. చప్పుడు ఎట్లా? రక్తపింజరి బుస మామూలు బుస కాదు. కడుపంతా ఉబ్బించుకుని ఆగి ఆగి వదులుతుంది. కుక్కర్ విజిల్ కుదరలేదు, అది మరీ సన్నం. చివరికి నా పాత సైకిల్ పంపు కొసను ఖాళీ నూనె డబ్బాలో పెట్టి కొట్టి చూశాను. నా ఒళ్లే జలదరించింది.

అప్పటినుంచి ప్రతి పొద్దునా అదే వరుస. కుక్క కుప్ప దగ్గరికి పోతుంది. పంపు కొడతాను. తర్వాత "పురుగు!" అని గట్టిగా అంటాను. తాడు లాగుతాను. అది వచ్చి నా మడమల వెనక కూర్చుంటుంది. అప్పుడు సగం ఉడికిన గుడ్డు. ఏ రోజూ వరుస తప్పలేదు. వానాకాలం మొదలయ్యేసరికి తాడు లాగే పనే లేకుండా పోయింది. మా ఇంటామె తానే పరీక్ష పెట్టింది. కుక్క ఉరుకుతుంటే పెరటి గుమ్మంలో నిలబడి "పురుగు!" అంది. అది గాల్లోనే మలుపు తిరిగి వచ్చి నా వెనక కూర్చుంది. ఆమె నవ్వు ఆపుకోలేక గొలుసు తీసి మేకుకు తగిలించింది.

చేసిన తప్పు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఆమె చేట పట్టుకుని "అయ్యో, బియ్యంలో పురుగు పడిందే!" అంది. చెట్టు కింద పడుకున్న కుక్క లేచి ఒక్క ఉరుకులో వచ్చి నా కుర్చీ వెనక కూర్చుంది. మూతి పైకెత్తి గుడ్డు కోసం చూస్తోంది.

శనక్కాయ పండించే ఊళ్లో వానాకాలమంతా నోట్లో నలిగే మాట ఏదంటే పురుగే. ఎర్ర గొంగళి పురుగు, ఆకు తినే పురుగు, వేరు కొట్టే పురుగు. మందుల అంగడి ముందు నలుగురు రైతులు నిలబడి మాట్లాడుకుంటుంటే మా కుక్క కూర్చుని లేచి, కూర్చుని లేచి అలిసిపోయింది. దీనికి తోడు నా బావమరిది. పక్క ఊరే. మోటార్ సైకిల్ దిగకముందే మొదలుపెట్టేవాడు.

"బావా, పురుగు!"

కుక్క కూర్చునేది.

"చూసినావా అక్కా, మా బావ పోస్టు మాస్టరు కాదు, సర్కస్ మాస్టరు!"

"నీ నోట్లో మన్ను పడ, మళ్లా మళ్లా అనొద్దు రా. గుడ్డు నువ్వు పెడతావా?" అని ఆమె తిట్టేది. వాడు వినేవాడు కాదు. వాణ్ణి చూసి టీ అంగడి వాళ్లూ నేర్చుకున్నారు.

మాటకు గుడ్డు రాకపోతే మాట అరుగుతుంది. కాయలు ఊరే నాటికి మా కుక్క ఆ మాట వింటే చెవి ఒకటి కదిలించి ఊరుకునేది. పీకిన చెట్ల కుప్పలు తిప్పే రోజు పొద్దున మా ఇంటామె "పురుగు!" అని ఒకసారి, రెండోసారి ఇంకా గట్టిగా అంది. కుక్క ఆవలించింది. ఆమె మేకుకున్న గొలుసు వైపు చూసింది.

"పీకిన కుప్పల కిందనే కదా ఉండేది. ఈరోజు వద్దు. దీన్ని కట్టేసి పో."

"పొద్దంతా నా కాళ్ల దగ్గరే పెట్టుకుంటా" అన్నాను. ఆమె నమ్మలేదు. గొలుసు కొంగులో మూటగట్టుకుని తానూ చేనికి బయల్దేరింది.

అంతకు ముందు పీకి ఆరబెట్టిన కుప్పల్ని పగలంతా తిప్పి వేస్తూ ఉన్నాం. నేను కర్రతో తట్టిన తర్వాతే ఎవరైనా చెయ్యి పెట్టాలి. అది నా నియమం. సాయానికి వచ్చిన బావమరిదికి నియమాలంటే నవ్వు. గట్టు పక్క కుప్ప వైపు వాడు ముందు నడుస్తున్నాడు. కుక్క వాణ్ణి దాటి, ఎలుక వాసన పట్టి, ముక్కు నేలకు ఆనించి ఉరుకుతోంది. నేను పిలిచాను. ఆగలేదు. వెనక నుంచి మా ఇంటామె "పురుగు! పురుగు!" అని అరిచింది. చెవి కూడా కదల్లేదు. గొలుసు కొంగులోంచి తీస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

కుప్పకు బారెడు దూరంలో కుక్క టక్కున ఆగింది. వెనక్కి తిరిగింది. తాపీగా నడిచి వచ్చి నా మడమల వెనక కూర్చుని మూతి పైకెత్తింది.

బావమరిది విరగబడి నవ్వాడు. "ఇప్పుడు గుర్తొచ్చినట్లుండాది బావా, గుడ్డు!" అంటూ కుప్ప మీదికి వంగాడు.

కర్ర తట్టకముందే ఎవరూ చెయ్యి పెట్టకూడదు కదా. నేను వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని లాగాను. "ఉండప్పా, ఒక్క నిమిషం."

ఉన్నాం. అప్పుడు మాకూ వినిపించింది. ఆగి ఆగి, నిండుగా.

వాడు గబుక్కున నా వెనక్కి వచ్చాడు. "ఈడ సైకిలు యాడిది బావా?" అన్నాడు.

దూరంగా జరిగి నిలబడ్డాం. కాసేపటికి ఒంటి నిండా గొలుసు మచ్చలున్న రక్తపింజరి కుప్ప కింద నుంచి బయటికొచ్చి, ఎవరి మీదా కోపం లేనట్టు గట్టు రాళ్లలోకి పోయింది. కుక్క కన్ను దాని మీద లేదు, గుడ్డు పెట్టుకున్న నా చేతి సంచి మీద ఉంది.

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. నేను ఏ రోజూ వరుస తప్పకపోవడం వల్ల, మాటకంటే ముందు ప్రతిసారీ పంపే వినిపించింది. మాటను ఊరంతా అరగదీశారు. పంపు మాత్రం నా దగ్గరే ఉంది. మా ఇంటామె కుక్క పక్కన మట్టిలో కూలబడి, దాని మూతి రెండు చేతుల్లో పట్టుకుని ఎంతసేపు నవ్విందో, ఎంతసేపు కళ్లు తుడుచుకుందో నాకు తెలియదు. గొలుసు అక్కడే మర్చిపోయి వచ్చాం. మర్నాడు తెచ్చి గొడ్ల పాక తలుపుకు కట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ సాయంత్రం బావమరిది మోటార్ సైకిల్ టైరు మెత్తబడి ఉంది. నా పంపు తీసుకుని ఒక్కసారి కొట్టాడో లేదో, కుక్క పెరట్లోంచి వచ్చి నా కుర్చీ వెనక కూర్చుంది.

"ఇంగొక గుడ్డు ఉడకెయ్యాల్నా?" అని వంటింట్లోంచి మా ఇంటామె కేక వేసింది.

"రెండెయ్యక్కా" అన్నాడు వాడు. "నేను కూడా ఎనక్కి వచ్చినా కదా."