టోపీలో పదకొండు గింజలు

పద్దెనిమిదేళ్ల కింద మింగిన ఒక మక్కగింజ నా గొంతు ఇంకా దిగలేదు. నవ్వకండి. నిజంగానే మింగాను. పదిమంది ముందు, పట్టపగలు, బాన్సువాడలో మా డిగ్రీ కాలేజీ గ్రౌండులో. ఎవరూ చూడలేదు. చూసి ఉంటే ఆ రోజే నాలుగు తిట్లు తిని ఇంటికెళ్లి పడుకునేవాణ్ని. చూడలేదు కాబట్టి ఇన్నేళ్లూ మోస్తున్నాను. నా పేరు చెప్పను. మిగతాదంతా చెబుతాను. మీరు మధ్యలో లేచి వెళ్లకుండా వింటే చాలు.

నేను ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్‌ని. ఇప్పటికీ ఆ మాట అంటుంటే ఛాతీ కొంచెం ముందుకొస్తుంది, దాచడం దేనికి? కాలేజీల పోటీల్లో అప్పుడు రెండు డివిజన్లు ఉండేవి, పైది ఒకటి, కిందిది ఒకటి. పైదాంట్లో అన్నీ పట్నం కాలేజీలే. జుక్కల్ నుంచి, పిట్లం నుంచి బస్సుల్లో వేలాడుతూ వచ్చే రైతుల పిల్లలం, మేమూ పైదాంట్లోనే. మా సీనియర్లు ఏళ్లతరబడి కిందామీదా పడి ఎక్కించారు. మరి మేమేం చేశాం? ఒక సీజన్‌లో ఆడిన ప్రతి మ్యాచ్ ఓడాం. ఒకదాంట్లో తొమ్మిది గోల్స్ తిన్నాం. తొమ్మిది!

అప్పుడు మా ఆటల మాస్టారు పిలిచి చెప్పారు. కాలేజీ ఉత్తరం రాసి అడిగితే కింది డివిజన్‌కి పంపుతారట. అడగకపోతే ఉన్నచోటే ఉంటాం. మీరే తేల్చుకుని రండి అన్నారు.

తేల్చుకోవడానికి మాకో పద్ధతి ఉండేది. కోతలయ్యాక గ్రౌండులో సగం మాది కాదు. చుట్టుపక్కల రైతులు ఒకవైపు వడ్లు, ఇంకోవైపు మక్కలు, అంటే మొక్కజొన్నలు, ఆరబోసేవారు. మిగిలిన సగంలో మా ప్రాక్టీసు. బంతి వెళ్లి రాశిలో పడిందంటే కాపలా ఉన్న అవ్వ మా ఏడు తరాలనూ తిట్టేది. అందుకని ఏది తేలకపోయినా ఆ గింజలతోనే తేల్చేవాళ్లం. ప్రతివాడూ ఒక వడ్లగింజ, ఒక మక్కగింజ తీసుకోవాలి. పిడికిలి మూసి ఒకటి టోపీలో వేయాలి, రెండోది పారేయాలి. ఎవడు ఏది వేశాడో ఎవడికీ తెలియదు. లెక్కపెట్టేది కెప్టెన్. ఆ రోజు వడ్లగింజ అంటే పైనే ఉందామని, మక్కగింజ అంటే కిందికి దిగుదామని అనుకున్నాం.

టోపీ యూసుఫ్‌ది. అసలు పేరు వేరే, మార్చాను. మా గోల్‌కీపర్, నాకంటే ఏడాది చిన్న. వాళ్ల నాన్నకు బస్టాండు దగ్గర టైర్ల పంక్చర్ దుకాణం ఉండేది. ఆటల మాస్టారు కావాలన్నది వాడి ఒకే ఒక్క కోరిక. గెలిచిన జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే ఆ చదువులో సీటు సులువు. గింజలు వేయడానికి ముందు నన్ను గోల్‌పోస్టు దగ్గరికి లాక్కెళ్లాడు.

"అన్నా, దిగుదాం. కింద ఆడితే గెలుస్తం. గెలిస్తే నాకు సీటొస్తది."

"ఇజ్జత్ పోతదిరా," అన్నాను. "ఊర్ల మొఖమెట్ల చూపెట్టాలె?"

"తొమ్మిది గోల్స్ తిన్నది నువ్వా, నేనా? ఇజ్జత్‌తోని సీటొస్తదా అన్నా?"

"గింజలే చెప్తయ్, నడువ్," అన్నాను.

గింజలు చెప్పాయి. పక్కకు తిరిగి టోపీలోకి చూశాను. ఎంచాను. మళ్లీ ఎంచాను. మక్కలే ఎక్కువ, ఒక్కటంటే ఒక్కటి. మేం నిలబడ్డదే వడ్ల పక్కన, నా సాక్సుకు ఒక వడ్లగింజ అంటుకుని ఉంది. లేసు సర్దుకున్నట్టు వంగి దాన్ని తీశాను. టోపీలో చెయ్యి పెట్టి అది వదిలేసి, మక్కగింజ ఒకటి వేళ్ల సందున పట్టుకున్నాను. దగ్గొచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. బాగా ఎండిన గింజ. నమిలితే చప్పుడవుతుందని మింగేశాను. తర్వాత టోపీని అందరి ముందూ బోర్లించి, "ఆరు వడ్లు, ఐదు మక్కలు! పైనే ఉంటున్నం!" అని అరిచాను. గొంతు వణకలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

యూసుఫ్ కిందపడ్డ గింజల్ని కాసేపు చూశాడు. టోపీ దులిపి నెత్తిన పెట్టుకుని గోల్‌పోస్టు దగ్గరికి వెళ్లిపోయాడు.

ఎందుకు చేశాను? జట్టు కోసమా? అలాగే చెప్పుకున్నాను చాలా ఏళ్లు. సీనియర్ల కష్టం కోసం, కాలేజీ పేరు కోసం, పల్లె పిల్లలు దేనికీ తక్కువ కాదని చూపించడం కోసం, ఇలా ఎన్ని పేర్లు పెట్టుకున్నానో, పెట్టిన ప్రతి పేరూ వినడానికి ఎంత బాగుందో. అసలు సంగతి చిన్నది. పిట్లం బస్సులో ఎవడైనా "మీరిప్పుడు కింది డివిజనట గదా" అంటే నేను తట్టుకోలేను. అంతే. నా పరువు కోసం వాడి నోటికాడి కూడు లాగేశాను.

అయినా ఆ తర్వాతి సీజన్ గురించి నన్ను గర్వపడనివ్వండి. మళ్లీ ఓడాం, వరసగా. కానీ ఆఖరి మ్యాచ్ కప్పు గెలిచిన జట్టుతో. వాన పడి గ్రౌండంతా బురద. ఒకటి ఒకటి దగ్గర ఉండగా వాళ్లకు పెనాల్టీ వచ్చింది. యూసుఫ్ కుడివైపు దూకాడు. బంతి వాడి వేళ్లకు తగిలి బయటికి పోయింది. మ్యాచ్ డ్రా! అబ్బ, ఏం ఆట! అవతలి జట్టు కోచ్ వచ్చి యూసుఫ్ బురద చేతికే చెయ్యి కలిపాడు. మేం వాణ్ని భుజాల మీద బస్సుదాకా మోశాం. కిందికి దిగి ఉంటే ఆ రోజు ఉండేదా? ఉండేది కాదు. ఇదే నాతో వచ్చిన చిక్కు. చేసింది దొంగతనం, దొరికింది నా జీవితంలోకెల్లా గొప్ప రోజు. రెంటినీ విడదీయడం నాకు చేతకావడం లేదు.

కింది డివిజన్ కప్పు ఆ ఏడాది ఎవరు కొట్టారో తెలుసా? అంతకు నెల ముందు మా గ్రౌండులోనే, పోటీ కాకుండా ఊరికే ఆడిన మ్యాచ్‌లో, మేం మూడు గోల్స్ తేడాతో ఓడించి పంపిన జట్టు. యూసుఫ్‌కు సీటు రాలేదు. ఒక్కసారి ప్రయత్నించి, నాన్న దుకాణంలో కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే. నా బండికి గాలి కొట్టేది వాడే.

మొన్న మళ్లీ అదే ప్రశ్న వచ్చింది. ఇప్పటి జట్టు కూడా ఓడిపోతోంది. దిగాలా వద్దా అని పిల్లలు కొట్టుకుంటుంటే పాత ఆటగాళ్లను పిలిచారు. యూసుఫ్ లేచి మా కథ చెప్పాడు. "నేను దిగుదామనే ఏసిన. ఒక్క గింజతోని ఓడిపోయిన. గా ఒక్క గింజకే కట్టుబడ్డ. గట్లున్నం గనకనే డ్రా చేసినం. మా కెప్టెనన్న లెక్కంటే లెక్కే!" అని నా భుజం చరిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లు టోపీ తెచ్చి నా చేతికే ఇచ్చారు, నమ్మకస్తుణ్ని కదా! నేను దాన్ని యూసుఫ్‌కు ఇచ్చేశాను.

వాడు పేపరు పరిచి, అందరికీ కనిపించేలా ఒక్కో గింజా తీసి పైకి చదువుతూ పెట్టాడు. దిగుదామన్నవాళ్లే గెలిచారు. పిల్లలు రెండు నిమిషాలు మొహాలు మాడ్చుకుని, బంతి తీసుకుని ఆటకు పోయారు. ఏమీ కూలిపోలేదు. ఇంత తేలికా అనిపించి నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజూ వాడికి చెప్పలేదు. చెబితే వాడికి సీటు తిరిగి రాదు, పైగా మిగిలిన ఆ ఒక్క గర్వమూ పోతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇదీ ఇంకో అందమైన పేరేనేమో. క్షమించమని అడగడం లేదు. అడిగే మొహం లేదు. సరైన లెక్క మాత్రం ఒక్కసారి బయటికి చెప్పాలి. మక్కలు ఆరు, వడ్లు ఐదు.

నువ్వు ఓడిపోలేదురా యూసుఫ్. ఆ రోజు గెల్చింది నువ్వే.