గంగులు గుర్తుపట్టని ఒడ్డు

గంగులుకి సముద్రమ్మీద దారి చూపేది సరుగుడు తోట. దానికి ఎదురుగా వస్తే మెత్తటి ఇసక, అటూ ఇటూ తెప్పని చీల్చే రాళ్లు. కొత్తగా వేటకి దిగిన అల్లుడు భాస్కర్‌కీ ఆ గుర్తే నేర్పాడు. "ఫోనెందుకల్లుడూ, తడిసిపోతాది. తోట ఉన్నాది కదా," అంటే ఆ పిల్లాడు నమ్మి ఫోను ఇంట్లో పెట్టి వెళ్తున్నాడు.

తోట జగన్నాధానిది. అయితేనేం, బతికించింది గంగులే. ఏడేళ్ల కిందట, వేట నిషేధం రోజుల్లో కూలికి కుదిరి, కాలే ఇసకలో కావిడేసి జానెడు మొక్కలకి నీళ్లు మోశాడు. ఇప్పుడవి తాడెత్తు చెట్లు. తుఫాను గాలికి అడ్డు, రాలిన ఆకు భార్య లక్ష్మణమ్మ పొయ్యిలోకి. "మా అడివి" అని ఊరంతా గొప్పలు పోయేవాడు. మనిషన్నాక ఆ మాత్రం గీర ఉండదా?

మొన్న పెద్ద పడవలో వేటకెళ్లి, ఇవాళ మధ్యాహ్నం తిరిగొస్తుంటే ఒడ్డున తోట లేదు. ఉత్త ఆకాశం. గంగులుకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఊరే కొట్టుకుపోయిందనుకున్నాడు. పడవ నడిపేవాడు ఫోనులో మేప్ చూసి, "మనూరే మావా," అన్నా నమ్మలేదు. ఒడ్డున లక్ష్మణమ్మ కనబడ్డాకే ఊపిరి పీల్చుకున్నాడు.

తోటంతా మొదళ్లే. కాగితాల మిల్లు లారీల్లోకి దుంగలెక్కుతున్నాయి. పక్కనే జగన్నాధం.

"అడివిని నరికేసేవేటి బాబూ?"

జగన్నాధం తెల్లబోయాడు. "అడివేటి గంగులూ? తోటది. వరి కోసినట్టే ఇదీను. కొయ్యడానికే కదా ఏయించేను. వానలు పడితే మళ్లీ ఏద్దుము, నువ్వే రా."

ఆ మాటలో కోపం లేదు, దాపరికం లేదు. అందుకే గంగులు కొయ్యబారిపోయాడు. తను పెంచింది పంట అని ఇన్నేళ్లలో ఒక్కనాడూ తట్టలేదు. తిట్టడానికైనా ఎవరూ దొరకలేదు.

"చీకటితో తెప్పేసుకెళ్లిన అల్లుడింకా రాలేదు. ఆడెళ్లినప్పటికి తోట ఉన్నాది," అంది లక్ష్మణమ్మ.

గంగులు సముద్రంకేసి చూశాడు. పొద్దు వాలుతోంది. నరికి పడేసిన పచ్చి కొమ్మల్ని ఈడ్చుకొచ్చి, తోటకి ఎదురుగా నీళ్ల అంచున కుప్పేసి, తన చేత్తోనే నిప్పంటించాడు. పొగ దట్టంగా లేచింది. కళ్లు మండుతున్నా అక్కణ్ణించి కదల్లేదు.

చాలాసేపటికి రాళ్ల వైపు పోతున్న తెప్పొకటి ఆగి, పొగకేసి తిరిగింది.

భాస్కర్ ఇసకలోకి దూకాడు. మావని పట్టుకుని, ఖాళీ ఒడ్డుకేసి చూస్తూ అడిగాడు.

"మనూరేదీ మావా?"