మా వదిన కెంపు కమ్మలు

మొన్న ఆదివారం తెల్లవారేసరికి మా వదిన కన్నుమూసింది. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్లలో చాలామంది పెళ్లిపీటల మీద ఆమె కెంపు కమ్మలు పెట్టుకున్నవాళ్లే. అమ్మా అన్నారు, తల్లీ అన్నారు, గుండెలు బాదుకున్నారు. కమ్మల మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. ఆమె బతికుండగా ఆ కమ్మలు అశుభమన్నవి ఆ నోళ్లే. ఏళ్ల తరబడి ఇది నా గొంతులో చేపముల్లులా ఉంది. ఈ వేళ కక్కేస్తాను. నాకు వచ్చినవి నాలుగు అక్షరాలు. ఊళ్లో చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు వినిపించండి.

మా అన్న బారువ రేవులో ఓడెక్కి బర్మా దేశం, రంగం వెళ్లాడు. అక్కడ ధాన్యం మిల్లులో బస్తాలు మోశాడు. మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు మొలతాడుకు కట్టుకున్న గుడ్డపీలిక విప్పి, వదిన అరచేతిలో రెండు రాళ్లు పెట్టాడు. కందిగింజంత ఉంటాయి.

"ఏటివి?" అంది వదిన.

"బర్మా కెంపులు. కొండ తవ్వితే మట్టి బళ్లకు బళ్లొత్తాది గాని, ఇలాటి రాయి ఎప్పుడో గాని దొరకదంట."

టెక్కలి కంసాలి ఆ రాళ్లను పాలగిన్నెలో వేసి చూశాడు. పాలు లేత ఎరుపు తిరిగాయి. "మందస రాజుగారి కోటలో ఉంటే ఉండాల గాని, ఉద్దానంలో ఇలాటి ఎరుపు ఇంకోటి లేదు. పొద్దుపొడుపుని సెవికెట్టుకున్నట్టేనమ్మా" అని వాటిని కమ్మలకు పొదిగిచ్చాడు.

ఇంకొకతె అయితే పెట్టెలో దాచి తాళం వేసుకునేది. మా వదిన ఊరి మీదికి వదిలింది. ఏ ఇంట పెళ్లి కుదిరినా పిల్ల తల్లి పాలగిన్నె పట్టుకుని మా గుమ్మం ఎక్కేది. కెంపు సూర్యుడి రాయి, అది చెవిలో వెలిగితే ఐదోతనం నిలుస్తుందని నమ్మకం. పాలలో ముంచి, ఆ ఎరుపు చూసి మురిసి పట్టుకుపోయేవారు. పదహారు రోజుల పండగ అయ్యాక తమలపాకులో చుట్టి తెచ్చి ఇచ్చేవారు.

ఇచ్చేముందు వదిన ఆ కమ్మలు గుప్పిట్లో బిగించి కాసేపు కూర్చునేది. "ఏటొదినా, గుడ్లు పొదుగుతన్నావేటి?" అని నేను నవ్వేవాణ్ని.

"సల్లని రాయి తగిల్తే పెళ్లికూతురు ఉలిక్కిపడతాది మరిదీ. కాపరం బయంతో మొదలవకూడదు" అనేది.

అన్న రెండోసారి రంగం వెళ్లిన ఏడు, శ్రావణంలో మా కులపెద్ద కూతురు పెళ్లి. ఆ పిల్లా ఈ కమ్మలతోనే పీటల మీద కూర్చుంది. మాఘంలో సముద్రం ఒడ్డు నుంచి చేపలు తెచ్చి అమ్మే పల్లెమనిషి గంప దించి, సగం నవ్వుతూ, సగం బెదురుతూ అడిగింది. "బుగతమ్మా, నా కూతురిది మాత్రం సెవి కాదేటి?" వదిన చెవుల కమ్మలు తీసింది. గుప్పిట బిగించి కూర్చుంది. రాళ్లు వెచ్చబడ్డాక ఇచ్చింది. మా ఆడవాళ్లు మూతులు తిప్పారు. "ఒక్క సెవినే అంటుకుంటే అది రాయే. పది సెవులు తిరిగితేనే దీపం" అంది వదిన.

ఫాల్గుణంలో రంగం నుంచి అన్న తోటి కూలీ తిరిగొచ్చాడు. అన్న జ్వరమొచ్చి పోయాడని కబురు తెచ్చాడు.

వదిన కమ్మలు తీసేసిన రోజునే కులపెద్ద మా అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పాడు. "సేపలోళ్ల సెవికి కెంపులేటి? రాయికి కోపమొచ్చి మగణ్ని మింగీసింది. ఇంక ఆ కమ్మలు మన పిల్లల్ని తాకకూడదు." అందరూ తలలూపారు.

తద్దినానికి తిథి కావాలి కదా. మర్నాడు ఆ కూలీని పిలిచి, వదిన ఎదుటే అడిగాను. "ఆషాడం బావా. రథయాత్ర ఎల్లిన మర్నాడు. రాసీవోడు లేక ఉత్తరం రాలేదు" అన్నాడు.

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాను. ఆషాఢంలో అన్న పోతే, శ్రావణంలో కులపెద్ద కూతురు పెట్టుకున్నవి ముండమోసిన దాని కమ్మలే కదా! పల్లెపిల్ల పెళ్లికి ముందే కదా అన్న పోయింది! కర్ర పట్టుకుని లేచాను. వదిన నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"కులపెద్ద కూతురు కడుపుతో ఉంది మరిదీ. బయమెట్టకు. నా మీద ఒట్టు."

ఆ ఒట్టుకు కట్టుబడ్డాను. కానీ ఏటేటా ఆషాఢంలోనే అన్న తద్దినం పెట్టాం. కులపెద్ద వచ్చి విస్తరి ముందు కూర్చుని గారెలు మళ్లీ అడిగి తిన్నాడు. ఆషాఢం తర్వాతే కదా శ్రావణమని అతనికి తోచలేదు. ఊళ్లో ఎవరికీ తోచలేదు.

మేళం వినబడితే వదిన పెరట్లోకి పోయి కొబ్బరిపీచు పేనుకునేది. కానీ శుక్రవారం శుక్రవారం కుంకుడు రసంతో కమ్మలు కడిగి, గుప్పిట్లో వెచ్చజేసి, ఎదురు చూసేది. "ఎవరో ఒకరొత్తారులే" అనేది. ఎవరూ రాలేదు.

ఆదివారం పల్లెమనిషి కూతురు వచ్చింది. ఇప్పుడామే గంప మోస్తోంది. మీరంతా లోపలికి వెళితే ఆమె వాకిట్లో నిలబడి, "ఈయమ్మ రాళ్లు నా సెవికి ఎచ్చగా తగిలినాయి" అని ఏడ్చింది. అంతమందిలో నిజం పలికింది ఆమె ఒక్కతే.

పెద్దాయనా, వదినతో పాటే ఆ ఒట్టూ తీరింది. నీ కూతురికి ఇప్పుడు మనవలు. పసుపు కుంకుమలతో నిండుగా ఉంది. ఇక భయపడేది ఆమె కాదు, నువ్వు. వచ్చే వారం గురువారం పెద్దకర్మ. ఆ పొద్దు గుంకేలోగా మా అరుగెక్కి, నీ మునిమనవరాలి పెళ్లికి ఆ కమ్మలు అడుగు. అడగకపోతే, నీ కూతుర్ని ఏమీ చెయ్యని రాయి మా అన్ననెలా మింగిందో నలుగురి ముందు చెప్పు. రెండూ చెయ్యకపోతే శుక్రవారం పొద్దున్నే అవి సముద్రం ఒడ్డుకు, ఆ పల్లెమనిషి కూతురి ఇంటికి పోతాయి.

గురువారం నేను అరుగు మీదే ఉంటాను. కమ్మలు నా గుప్పిట్లో ఉంటాయి. నా ముసలి చేతిలో వేడి తక్కువ. అందుకని పొద్దున్నుంచే బిగించి కూర్చుంటాను.