వెనక స్ప్రింగుల మూడో మెట్టు

మావారు పొట్టివారు కారు. ఈ సంగతి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నాకు తెలియజెప్పారు. ఆయనది సరిపడా ఎత్తు. నేనే అవసరానికి మించి పెరిగానని మా అత్తగారు తీర్మానించారు. పెళ్ళిలో ఇద్దరం పీటల మీద కూర్చునే ఉన్నాం కాబట్టి గొడవ లేకపోయింది. ఫొటో దగ్గరే వచ్చింది చిక్కు. బందరులో ఏ ఇంటి గోడ మీద చూసినా మొగుడు కుర్చీలో కూర్చుని ఉంటాడు, పెళ్ళాం ఆ కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటుంది. మా గోడ మీద మాత్రం నేను కుర్చీలో ఉన్నాను, ఆయన నిలబడి ఉన్నారు. చూడవచ్చినవాళ్ళు "అబ్బాయికి భార్యంటే ఎంత గౌరవమో" అని మెచ్చుకునేవారు. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఆయన సహకార సంఘాల ఇన్‌స్పెక్టరు. దివిసీమ ఊళ్ళన్నీ ఆయన ఏలుబడిలో ఉండేవి. నేను మొవ్వ బళ్ళో టీచర్ని. ఆ ఉద్యోగం పెళ్ళికి ముందు నేను సంపాదించుకున్నది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోడానికి అదొక్కటే ఉండేది. పైగా నా ఎత్తు ఎవరికీ అభ్యంతరం కాని చోటు కూడా ఆ బడే. నల్లబల్ల పై అంచు దాకా రాయగలిగే టీచరు అక్కడ నేనొక్కదాన్నే. బస్సులో వెళితే మొదటి గంట కొట్టాక చేరేదాన్ని. అందుకని, ఆయన తిరుగుళ్ళకీ కలిసొస్తుందని, బెజవాడలో ఎవరో వాడిన ఇంగ్లీషు మోటారు సైకిలు కొన్నారు. నన్ను మొవ్వలో దింపి, అటునుంచి అటే కోడూరు దాకా తిరిగి రావచ్చునన్నారు. ఆ మాటకి నేనెంత సంతోషించానో చెప్పలేను.

బండి అమ్మినాయన ఓపిగ్గా అన్నీ చూపించాడు. వెనక చక్రానికి అటొకటి ఇటొకటి స్ప్రింగులు, వాటి అడుగున తిరిగే కట్టు, ఆ కట్టుకి మూడు మెట్లు. కొక్కెం పానా తగిలించి తిప్పితే కట్టు మెట్టు మెట్టుగా పైకెక్కి స్ప్రింగుని బిగిస్తుంది.

"ఒక్కరే వెళ్తుంటే కింది మెట్టు మీద ఉంచుకోండి సార్. అమ్మగారు వెనక కూచుంటే మూడో మెట్టుకి తిప్పండి. బండి వెనక్కి కుంగదు, కుదుపు తెలీదు" అని, మూడో మెట్టుకి తిప్పి, "ఏదీ, ఎక్కి చూడండి" అన్నాడు.

మావారు ఎక్కారు. స్ప్రింగు బిగిస్తే బండి వెనక భాగం కాస్త పైకి లేస్తుంది. మహా అయితే బొటనవేలి మందం ఉంటుంది. మావారికి సరిగ్గా ఆ బొటనవేలి మందమే తక్కువైంది. ఎడమ పాదం నేల కోసం వెతుక్కుంది, కుడి పాదం గాల్లో ఉండిపోయింది, బండి నింపాదిగా ఒరిగి అమ్మినాయన భుజం మీద వాలింది. మావారు దిగి చొక్కా సర్దుకున్నారు.

"స్ప్రింగు మెత్తగా ఉంటేనే ప్రయాణం సుఖం. కింది మెట్టు మీదే ఉంచండి" అన్నారు.

సుఖం ఆయనది, కుదుపు నాది. ముందు కూర్చున్నవాడు రెండు చక్రాలకీ నడుమ ఉంటాడు. వెనక కూర్చున్న మనిషి తిన్నగా చక్రం నెత్తిన ఉంటుంది. నిడుమోలు దాటింది మొదలు, గుంట వచ్చినప్పుడల్లా స్ప్రింగు అడుగంటా కుంగిపోయి, ఇనుముకి ఇనుము తగిలి, ఆ దెబ్బ నా నడుములోంచి పళ్ళదాకా పాకేది. మడ్‌గార్డు టైరుని గీరేది. బండి ముక్కు పైకెత్తుకుని నడిచేది కాబట్టి, సాయంత్రం చీకటి పడితే హెడ్‌లైటు రోడ్డు వదిలేసి తాటిచెట్ల తలలు వెతికేది. ఎదురుగా గేదె ఉన్నదీ లేనిదీ తెలిసేది కాదు, చెట్టుమీద కాకిగూడు మాత్రం స్పష్టంగా కనిపించేది.

"ఏమండీ, ఆ మెట్టు మార్చకూడదూ?" అంటే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, రోడ్డు బాగోలేదనేవారు. రోడ్డు బాగున్నచోట అడిగితే "నువ్వు బిగుసుకుని కూచుంటున్నావు" అనేవారు. బందరు బస్టాండు దగ్గరి మెకానిక్కుని అడిగించాను. అతను గడుసు మనిషి. స్ప్రింగుల వంక చూశాడు, మావారి కాళ్ళ వంక చూశాడు, ఆయన ముఖం వంక కూడా చూశాడు.

"బండికేం లేదండీ. అమ్మగారు కాస్త ముందుకి జరిగి కూచుంటే సరిపోద్ది" అన్నాడు.

"ఇంకా ముందుకి జరిగితే హేండిలు నేనే పట్టుకోవాలయ్యా" అన్నాను. మావారికి ఆ మాట నచ్చలేదు.

వానాకాలం వెళ్ళేసరికి నా నడుం పట్టేసింది. అత్తగారు వావిలాకు కాపడం పెట్టారు. పక్కింటావిడ ఇది వాతమేనని వంకాయ మానిపించింది. ఎదురింటావిడ దిష్టి తీసింది. పొడుగ్గా ఉన్నవాళ్ళకి దిష్టి ముందు తగులుతుందట. వీధి వీధంతా నా నడుముకి వైద్యం చేసింది గానీ, స్ప్రింగుకి చేద్దామని ఒక్కరికీ తోచలేదు. కొక్కెం పానా బండి పెట్టెలో హాయిగా నిద్రపోయింది.

చివరికి గుడివాడ వెళ్ళాం. మా పెదనాన్న అక్కడ డాక్టరు. వెన్ను నొక్కి చూసి, "కుదుపు తగలకూడదమ్మా. ఇలాగే తిరిగావంటే మంచం పడతావు" అన్నారు.

మావారు గంభీరంగా తలూపారు. ముందుగదిలో మావాళ్ళంతా కాఫీలు తాగుతుండగా చెప్పారు.

"నేనూ అదే అనుకుంటున్నానండీ మావయ్యగారూ. ఈ నెలతో బడి మాన్పించేస్తాను. ఆరోగ్యం కంటే ఉద్యోగం ఎక్కువా?"

"పెళ్ళాం నడుం కోసం జీతం రాళ్ళు వదులుకునే మొగుడు ఎంతమందికి దొరుకుతాడే" అంది మా పెద్దమ్మ.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. నాకు ఒళ్ళు మండిపోయింది. బొటనవేలి మందం ఎత్తు దాచుకోడానికి నా బడి తీసేస్తున్నారు, అందుకు ఈయనకి మెప్పులు. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే నడుం నొప్పికి ఏడుస్తున్నాననుకుంటారు, అందుకని ఏడవకుండా వీధిలోకి వచ్చేశాను.

బండి పెద్ద స్టాండు మీద ఉంది. పెట్టె తెరిచి పానా తీశాను. ఏనాడూ తిప్పిన పాపాన పోలేదు కాబట్టి కట్టు తుప్పు పట్టి మొరాయించింది. కొంగు బిగించి, కోపం నడుము నొప్పిని మించి ఉంది కాబట్టి, బలమంతా పానా మీద వేశాను. కిర్రుమని కదిలింది. ఇటూ మూడో మెట్టే, అటూ మూడో మెట్టే. పానా పెట్టెలో పెట్టేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాను.

సాగనంపడానికి అందరూ అరుగు మీదికి వచ్చారు. మావారు బండిని పక్క స్టాండు మీదికి ఒరగబెట్టి, ఎక్కి, నిటారుగా లేపబోయారు. పాదానికి నేల దొరకలేదు. వెంటనే మళ్ళీ ఒరగబెట్టేశారు.

"దీన్నెవరు ముట్టుకున్నారు?" అన్నారు నాకొక్కదానికే వినపడేటట్టు.

"నేనేనండీ. ఇద్దరం వెళ్తున్నాం కదా" అన్నాను అరుగు మీద అందరికీ వినపడేటట్టు.

పెదనాన్న మెట్లు దిగి వచ్చారు. "ఏమిటమ్మా అది?"

"ఇద్దరెక్కితే ఈ స్ప్రింగు బిగించాలట పెదనాన్నా. బిగిస్తే కుదుపుండదట."

"మరి ఇన్నాళ్ళూ బిగించలేదేం అల్లుడుగారూ?"

ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది. అది చెప్పాలంటే మా పుట్టింటివాళ్ళందరి ముందూ కాళ్ళు చూపించాలి. మావారు కక్కలేక మింగలేక కాసేపు హేండిలు తుడిచారు.

"బిగించాలనే అనుకుంటున్నానండీ" అన్నారు.

"ఇంకేం, అయితే బడి మానక్కర్లేదు" అన్నారు పెదనాన్న.

నేను వెనక కూర్చున్నాను. నా బరువుకి బండి దిగవలసినంత దిగింది, ఆయన పాదాలకి నేల దొరికింది. అంటే, నేను బండి మీద ఉన్నంతసేపూ మావారు సరిపడా ఎత్తే. గుంటలు వచ్చాయి, వెళ్ళాయి. ఇనుము చప్పుడు ఒక్కసారీ వినలేదు.

"ఆగినప్పుడు నువ్వు ముందు దిగకు" అన్నారాయన పామర్రు దాటాక.

"దిగనండీ."

"నేను స్టాండు వేసి, దిగి, సరేనన్నాక దిగు."

"అలాగేనండీ. సోమవారం బడికి కాస్త పెందలాడే బయల్దేరాలి."

సోమవారం పెందలాడే బయల్దేరాం.

బడి దగ్గర నన్ను దింపాక, బండి పక్క స్టాండు మీద ఒరిగి ఉండగానే ఎక్కి వెళ్ళిపోయేవారు. నడిచే బండికి కాళ్ళతో పనిలేదు కదా. కాలువ మలుపులో వంతెన గోడకి కాలానించి ఆగి, కింది మెట్టుకి దింపుకుని దివిసీమకి వెళ్ళేవారు. సాయంత్రం అక్కడే మళ్ళీ బిగించుకుని వచ్చేవారు. ఆ వేళల్లో నేను మలుపు వైపు చూసేదాన్ని కాదు.

ఆ రోజుల్లో మా వీధిలో ఆడవాళ్ళు బండి ఆగీ ఆగకముందే దిగి లోపలికి పోయేవారు. నేనొక్కదాన్నే, మావారు స్టాండు వేసి, ట్యాంకు మీదుగా కాలు ఇవతలికి తెచ్చుకుని దిగేదాకా బొమ్మలా కూర్చునేదాన్ని. అత్తగారు అది కనిపెట్టారు.

"మా కోడలు మొగుడు దిగందే నేలమీద కాలు పెట్టదమ్మా. ఉద్యోగం చేసినా పద్ధతి వదల్లేదు" అని అరుగు అరుగునా చెప్పారు. ఉద్యోగం చేసే ఆడది చెడిపోతుందని అంతకుముందు అవే అరుగుల మీద చెప్పారు. మావారు విని, పేపరు తిప్పుకున్నారు.

ఎదురింటావిడ తన కొత్త కోడలికి కూడా ఈ పద్ధతే పెట్టింది. ఆ పిల్ల మొగుడు తాటిచెట్టంత మనిషి. మొదటిరోజే అతను అలవాటు కొద్దీ వెనకనుంచి కాలు తిప్పి దిగితే, అది వెళ్ళి ఆ పిల్ల కొప్పుకి తగిలింది. మర్నాడు కళ్ళు తుడుచుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అక్కయ్యగారూ, ఈ నోము మీరెలా పడుతున్నారండీ? దీనికి ఫలం ఏమిటండీ?" అంది.

"నాకు బడి మిగిలిందమ్మా" అన్నాను. "మీ ఆయన కాళ్ళు నేలకి అందుతాయా?"

"శుభ్రంగా అందుతాయండీ."

"అయితే నీకీ నోము అక్కర్లేదు. ముందు దిగి, లోపలికి వెళ్ళిపో."