ఆరని వెనక గది

దయ్యాలు, భూతాలు అంటే నేనెప్పుడూ నమ్మలేదు. మా బెళుగుప్ప వైపు మనుషులకే తాగడానికి నీళ్లుండవు, ఇక దయ్యాలేం తాగి బతుకుతాయని ఎగతాళి చేసేవాణ్ణి.

మూడేళ్ల కిందట వంక పొంగి మా ఇంట్లోకి మోకాటి లోతు నీళ్లొచ్చాయి. కరువులు చూసిన ఇల్లే గానీ వరద చూసిన ఇల్లు కాదు. నీళ్లు తోడేసి, గోనెసంచులు పరిచి తడి పీల్పించాం. గోడల సున్నం గీకి, గదికొక కుంపటిలో వేరుశనగ పొట్టు నిప్పులు పెట్టాం. కిటికీలున్న ముందు గది వారంలో ఆరింది. కిటికీ లేని వెనక గది ఆరలేదు.

వెనక గది అటక మీద ఉండి బతికిపోయిన వేరుశనగ విత్తనం కాయల మూటలను, చెమ్మ తగలకుండా ముందు గదిలోకి దించాను. పక్షవాతంతో మంచం పట్టిన మా అమ్మను వరద రోజు పక్కింటి మిద్దె మీదికి చేర్చాం; ఆమెను తిరిగి మోసుకొచ్చి వెనక గదిలో పడుకోబెట్టాను. విత్తనం పోతే ఆ ఏడు సేద్యమే లేదు.

"నాయనా, గోడ తడి ఈపుకు తగుల్తాండాది. ఆ గదిలోకి మార్చప్పా" అనేది అమ్మ.

"విత్తనం తడిస్తే మొలవదు. నువ్వేమన్నా మొలకెత్తల్లా యేమ్మా?" అన్నాను.

చూడొచ్చినవాళ్లు నవ్వారు. అమ్మ కూడా పనిచేసే సగం మూతితో నవ్వింది. పన్నెండో రోజు దగ్గు ముదిరి చనిపోయింది.

ఎండలు ముదిరాక ఇల్లంతా ఎండింది, అమ్మ మంచం ఆనిన చోట తప్ప. మంచం ఎత్తున, ఒక మనిషి పట్టేంత తడి. మేస్త్రి అక్కడ గోడ తవ్వి చూశాడు.

"లోపలంతా పొడి మట్టేనన్నా. నీళ్లు యాడ్నించి వస్తాండాయో నాకు తెల్దు" అన్నాడు.

సిమెంటు పూశాం. మూడో రోజుకు మళ్లీ అదే చోట తడి.

తడి గోడ చల్లగా ఉండాలి. చెయ్యి పెట్టి చూస్తే ఇది వెచ్చగా ఉంది. చివరి రోజుల్లో జ్వరంతో అమ్మ వీపు అట్లాగే ఉండేది. నా భార్య కూడా తాకింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని బయటికి పోయింది, మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

మొన్న విత్తనం తెచ్చినప్పుడు మూటలు దించే మనిషి అడిగాడు: "వెనక గది ఖాళీగా ఉండాది, ఆడ పెట్టేదా అన్నా?"

"వద్దప్పా, ఆడ తడి. విత్తనం చెడిపోతాది" అన్నాను.

ఆలోచించకుండానే వచ్చింది ఆ మాట. ఆ గోడ ఎందుకు ఆరదో నేనిప్పటికీ చెప్పలేను. అమ్మను ఆ గదిలోకి మోసుకెళ్లిన రోజు ఈ మాట నా నోట ఎందుకు రాలేదో, అదీ చెప్పలేను.