అంగుళం తరిగిన టేపు

"మేడమ్‌కి రంగులు చూపించమంటారా సార్?" అన్నాడు టై కట్టుకున్న సేల్స్‌మన్.

అడిగింది తమ్ముణ్ని. కొనేది అక్క. నడపబోయేదీ అక్కే. డ్రైవింగ్ స్కూలాయన రెండుసార్లు చేతులెత్తి దండం పెట్టినా వదలకుండా, యాభై రెండో ఏట లైసెన్సు తెచ్చుకున్న మనిషి ఆమె. తమ్ముడికి సైకిలు తప్ప మరేదీ రాదు. అయినా తాళంచెవి నేరుగా అతని చేతిలోకే వెళ్లింది. పాము పిల్లను పట్టుకున్నట్టు దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడతను.

"నాకు రంగులక్కర్లేదు బాబూ. ఆ పక్క సీటు తలుపు తియ్యి," అంది ఆమె.

"సన్‌రూఫ్ చూడండి మేడమ్ ముందు. ఆకాశం మొత్తం కనబడుతుంది."

"ఆకాశం మా డాబా మీద కూడా కనబడుతుంది. తలుపు తియ్యమన్నాను."

వీధిలో ఆమెను టేపక్క అంటారు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. కారు షోరూముకి కూడా దాన్ని వేసుకునే వచ్చింది.

ఆమె కోపం ఇవాళ పుట్టింది కాదు, పద్నాలుగు నెలలది. ఆమె పెద్దక్క ముప్పై ఏళ్లు బస్సులో కండక్టరుగా పనిచేసింది. ఊరందరినీ ఎక్కించి దించిన మనిషికి ఆపరేషన్ తర్వాత కుడి మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. అది మరిక వంగదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు, టాక్సీ సీటు పాతాళంలో ఉందని ఇద్దరు మనుషులు చంకల్లో చేతులేసి ఆమెను ఎత్తారు. అందులో ఒకడు "బస్తాలా బరువుంది రా" అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ పెద్దక్కవి కండక్టరు చెవులు. ఇంటికొచ్చాక ఒకే మాట అంది: "ఇంకోసారి ఎవడైనా నన్నెత్తితే ఆ చెయ్యి విరిచేస్తా." ఆ తర్వాత గడప దాటలేదు.

అందుకే ఈ కారు. పెద్దక్క ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తాను కూర్చోగలగాలి. మామూలు కారు సీటు మరీ కింద, పెద్ద బండి సీటు మరీ పైన. రెంటికీ మధ్య ఉండేవి ఈ బుల్లి ఎస్‌యూవీలే. వాళ్ల సందులో పట్టేవి కూడా అవే. ఇంటికొచ్చే ఫిజియోథెరపీ డాక్టరు పెద్దక్క కాలు స్టీలు టేపుతో కొలిచి చీటీ మీద రాసిచ్చాడు: నేల నుంచి సీటు అంచుకి ఇరవై ఆరు అంగుళాలు. "ఒక్క అంగుళం తగ్గినా వెనక్కి పడతారు. పడితే లేవడానికి ఇంకొకరు కావాలి. పెరిగితే అసలు ఎక్కలేరు," అన్నాడు.

పెద్దక్క షోరూముకి రానంది. "పదిమందిలో బొమ్మలా కూర్చోబెట్టి చూస్తారా? నువ్వే చూసి తీసుకురా. సరిపోకపోతే నాకు చూపించకు," అంది.

మూడు కంపెనీలు తిరిగారు. మూడు చోట్లా ఒకటే పోస్టరు: కొండ శిఖరం మీద నిలబడిన కారు. టేపక్కకి కొండ అక్కర్లేదు, వీధి చివరి దాకా వెళ్తే చాలు. కాలు చాపుకునే చోటు గురించి అడిగితే పాటలు వినే స్పీకర్ల లెక్క చెప్పారు. సీటు ఎత్తు అడిగితే కారు ఎత్తు చెప్పారు. ఎత్తు పెంచే మీట డ్రైవరు సీటుకే ఉంటుందని, పక్క సీటుకి ఉండదని తెలిసినప్పుడు ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏం, పక్కన కూర్చునేవాళ్లకి నడుముండదా?"

"ఎవరూ అడగరు మేడమ్."

"నేను అడుగుతున్నాగా! నేనెవర్ని, గోడనా?"

ప్రతిచోటా వంగి, టేపు నేలకి ఆనించి, పైకి లాగి అంకె అరిచి చెప్పింది. తమ్ముడు రాసుకున్నాడు. అతనిది లైబ్రరీలో పుస్తకాలకు నంబర్లు వేసే ఉద్యోగం. గళ్లు గీయడమంటే ప్రాణం. మూడు కార్లకి మూడు గళ్లు గీసి ఎయిర్‌బ్యాగులు, మైలేజీ, డిక్కీ అన్నీ నింపాడు. సీటు ఎత్తు గడిలో మొదటి కారుకి ఇరవై ఆరు, రెండో దానికి ఇరవై ఏడు, మూడో దానికి ఇరవై తొమ్మిది పడ్డాయి. రెండూ మూడూ కొట్టేశాడు.

"సన్‌రూఫ్ ఉన్నదే ఖాయమైంది చిన్నక్కా," అన్నాడు సంబరంగా.

"నీ మొహంలా ఉంది. కానీ అంకె అంకే. రేపు బుక్ చేద్దాం."

మర్నాడు పొద్దున కొట్టు తెరిచి, ఆ కాగితం కటింగ్ బల్ల మీద పెట్టి మిషన్‌కి నూనె వేస్తోంది టేపక్క. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గర బట్ట కత్తిరించే కట్టరమ్మ కత్తెర తీయబోతూ కాగితం వంక చూసింది.

"అక్కా, ఇవి ఒకటి తీసేసిన కొలతలా, తీయనివా?"

నూనె డబ్బా టేపక్క చేతిలో అలాగే ఆగిపోయింది.

ఆమె టేపుకి మొదటి అంగుళం లేదు. ఇత్తడి ముక్కతో పాటు పన్నెండేళ్ల కిందటే ఊడిపోయింది. కొత్త టేపులు సాగుతాయని దాన్నే వాడుతోంది. ఒకటి అంకె దగ్గర మొదలుపెట్టి, టేపు మీద ఎంత ఉంటే అంతా పైకి చెబుతుంది. కట్టరమ్మ మనసులో ఒకటి తీసేసి కత్తిరిస్తుంది. ఈ సంగతి కొట్టులో గోడలకి కూడా తెలుసు. లైబ్రరీలో ఎవరికీ తెలియదు.

అంటే మొదటి కారు ఇరవై అయిదు. పెద్దక్క అందులో వెనక్కి పడేది. అప్పుడు మళ్లీ ఎవడో చంకలో చెయ్యేసేవాడు. ఆ తర్వాత ఆ మనిషిని గడప దాటించడం ఎవరి తరం?

టేపక్క ఫోనందుకుంది. "ఒరేయ్, నీ గళ్లలో నిప్పులు పొయ్య! నీకు టేపు చివర కనబడలేదా?"

"నువ్వు ఇరవై ఆరంటే ఇరవై ఆరు రాశాను! టేపుకి తోక తెగిందని నాకెవరు చెప్పారు?"

"అక్క టేపు గురించి తమ్ముడికి వేరే చెప్పాలా?"

ఫోను పెట్టేసింది. తప్పు వాడిది కాదని తెలుసు. తెలియడం వల్ల కోపం ఇంకో అంగుళం పెరిగింది.

కొట్టు కట్టరమ్మకి వదిలేసి రెండో షోరూముకి వెళ్లింది. ఈసారి ఒక్కతే. అక్కడి సేల్స్‌మన్‌కీ మెడలో టై ఉంది. ఆ టైబాబు ఆమె భుజం మీదుగా వెనక్కి చూశాడు. "సార్ రాలేదా మేడమ్?"

"సారు చచ్చి తొమ్మిదేళ్లయింది. నిన్న వచ్చినవాడు నా తమ్ముడు, వాడికి హారన్ కొట్టడం కూడా రాదు. కారు కొనేది నేను, నడిపేది నేను, నీతో ఆఖరిసారి మర్యాదగా మాట్లాడుతున్నదీ నేనే. నీ స్టీలు టేపు తెచ్చి ఆ సీటు కొలువు."

అతను టేపు తెచ్చి కొలిచాడు. సరిగ్గా ఇరవై ఆరు.

"ఇప్పుడు ఈ బండి మా ఇంటికి రావాలి. ఎక్కవలసిన మనిషి అక్కడుంది."

గంటలో బండి గుమ్మం ముందు ఆగింది. తమ్ముడు కూడా లైబ్రరీ వదిలి పరుగెత్తుకొచ్చాడు. పెద్దక్క కర్ర పొడుచుకుంటూ మెట్టు దిగింది. పద్నాలుగు నెలల తర్వాత వీధి చూస్తున్న మొహంలో సంతోషమేమీ లేదు. ఎవడు ముందుకొస్తాడో, ఎవణ్ని కొట్టాలో చూసుకుంటోంది.

టైబాబు అలవాటుగా చెయ్యి చాచాడు.

"తియ్యి చెయ్యి!" అక్కచెల్లెళ్లిద్దరూ ఒక్కసారే అరిచారు.

పెద్దక్క వీపు కారువైపు తిప్పింది. తొడల వెనక సీటు అంచు తగిలింది. ఒక్క క్షణం అలాగే నిలబడి, వెనక్కి జరిగింది. కూర్చుంది. పడలేదు, కూర్చుంది. వంగని కాలిని రెండు చేతులతో పట్టి లోపలికి తిప్పుకుంది. కర్ర లాక్కుంది. తమ్ముడు తలుపు మీద చెయ్యి వేయబోయాడు.

"ముట్టుకున్నావంటే చూడు," అంది. తానే లాగి వేసుకుంది.

టేపక్క ఇటు తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చుంది.

"ఎక్కడికి?" అంది ముక్తసరిగా.

"ముందు వీధి దాటించు. తర్వాత చెప్తా." పెద్దక్క తలుపు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది. "రైట్ రైట్!"

బండి కదిలింది. "మేడమ్! నేను కూడా రావాలి మేడమ్! రూలు!" అంటూ టై భుజం మీదికి ఎగురుతుండగా వెనకాల పరుగెత్తాడు టైబాబు.

పెద్దక్క కిటికీలోంచి తల బయటపెట్టింది. ముప్పై ఏళ్లు బస్సుల్లో అరిచిన గొంతు వీధంతా మోగింది.

"వెనక తలుపు, వెనక తలుపు! ఎక్కేవాళ్లు తొందరగా ఎక్కాలి!"